ఫిజియోథెరపిస్టులకు అల్ట్రాసౌండ్ స్కానింగ్ శిక్షణ: తరచుగా అడిగే ప్రశ్నలు

రాజమండ్రి, కాకినాడ, అమలాపురం, భీమవరం, నర్సాపురం, ఎటువైపు నుంచి ఫోన్ వచ్చినా ఫిజియోలు అడిగే ప్రశ్నలు ఇంచుమించు ఇవే. ప్రతిసారీ మొదటి నుంచీ చెప్పుకొచ్చే బదులు జవాబులన్నీ ఒకచోట పెడుతున్నాం. తీరిక లేనివాళ్ళు మిగతావి వదిలేసినా, చట్టం గురించిన రెండో ప్రశ్న మాత్రం పూర్తిగా చదవండి.

మా క్లినిక్‌లో అల్ట్రాసౌండ్ మెషీన్ ఎప్పటినుంచో ఉంది. కొత్తగా నేర్చుకునేదేముంది?

మీ దగ్గరున్నది చికిత్స చేసే మెషీన్. 1 లేదా 3 మెగాహెర్ట్జ్ ధ్వని తరంగాలను లోపలికి పంపుతుంది, అంతటితో దాని పని అయిపోతుంది. స్కానింగ్ మెషీన్ అయితే తరంగాన్ని చిన్న చిన్న ముక్కలుగా పంపి, అవి లోపల ఎక్కడ తగిలి వెనక్కొస్తున్నాయో వింటుంది. శరీరంలో ధ్వని సెకనుకు 1540 మీటర్లు వెళ్తుందని లెక్కవేసుకుని, తిరిగిరావడానికి పట్టిన సమయాన్ని బట్టి లోతు తేల్చి తెరమీద బొమ్మ గీస్తుంది. రెండింటికీ జెల్ రాస్తాం, రెండింటినీ చర్మం మీద తిప్పుతాం. పోలిక అక్కడితో సరి. ఇక్కడినుంచి స్కానింగ్ అన్నప్పుడల్లా బొమ్మ చూపించే మెషీన్ గురించే మాట్లాడుతున్నాం.

నేర్చుకున్నాక నా క్లినిక్‌లో స్కానింగ్ మెషీన్ పెట్టుకోవచ్చా?

పెట్టుకోకూడదు. ఇప్పుడున్న నిబంధనల్లో ఫిజియోథెరపిస్టు తన క్లినిక్ కోసం స్కానింగ్ మెషీన్ కొని తానే వాడే దారి లేదు. ఇది విని చాలామంది చిన్నబుచ్చుకుంటారు. కానీ కారణం మన వృత్తికి సంబంధించింది కాదు.

1994లో వచ్చిన లింగ నిర్ధారణ నిషేధ చట్టాన్ని, అందరూ పీసీపీఎన్‌డీటీ అనే దాన్ని, 2003లో సవరించి గట్టి చేశారు. కడుపులో ఉన్నది ఆడబిడ్డ అని తెలిసి తీయించేసుకోవడాన్ని ఆపడానికి పెట్టిన చట్టం అది. బిడ్డ ఆడో మగో చూపించగల మెషీన్‌ని రిజిస్టర్ కాని చోటుకి గానీ, మనిషికి గానీ అమ్మకూడదని అందులో ఉంది. మీరు భుజాలు, మోకాళ్ళు చూడటానికే కొంటామన్నా మెషీన్ మెషీనే. పొట్టమీద పెడితే అదీ బిడ్డను చూపిస్తుంది. ఇక రిజిస్ట్రేషన్ ఎవరికిస్తారంటే, గైనకాలజిస్టు, రేడియాలజిస్టు, లేదా 2014 నిబంధనల ప్రకారం ఆరు నెలల శిక్షణ పొందిన ఎంబీబీఎస్ డాక్టరు పనిచేసే కేంద్రానికి. మన ఫిజియోథెరపీ డిగ్రీలు బీపీటీ, ఎంపీటీ ఆ జాబితాలో లేవు. 2021లో వచ్చిన అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టం ఫిజియోథెరపీకి జాతీయ స్థాయి గుర్తింపు ఇచ్చింది గానీ ఈ జాబితా జోలికి పోలేదు.

ఉల్లంఘిస్తే మొదటిసారికే మూడేళ్ళ వరకు జైలు, పదివేల వరకు జరిమానా. నేను గర్భిణులను చూడనే లేదని కోర్టులో మీరు వాదించుకోవచ్చు, గెలవనూవచ్చు. ఈలోగా మెషీన్‌కి సీలు పడుతుంది, మీ పేరు జిల్లా ఎడిషన్‌లోకి ఎక్కుతుంది. మండల కేంద్రంలో క్లినిక్ నడుపుకునేవాడికి ఆ రెండో శిక్షే పెద్దది.

"మెషీన్ డాక్టరు పేరున ఉంటుంది, వాడుకునేది మీరే" అని బేరానికొచ్చే డీలర్లు ఉన్నారు. వాళ్ళకి దండం పెట్టి పంపించేయండి.

ఫోన్‌కి తగిలించుకునే చిన్న ప్రోబ్ (చర్మం మీద తిప్పే భాగం) అయితే?

అదీ ఆ కోవలోదే. నిజానికి జేబులో పట్టే మెషీన్ మీద నిఘా ఇంకా ఎక్కువ. పోర్టబుల్ మెషీన్‌ని రిజిస్టరైన ఆవరణలో ఇన్‌పేషెంట్ల కోసం, లేదా నిబంధనల ప్రకారం నడిచే సంచార వైద్య యూనిట్‌లో మాత్రమే వాడాలి. బైక్ మీద పెట్టుకుని లంక గ్రామాల్లో ఇంటింటికీ తిరుగుదామనే ఆలోచన ఉంటే మానుకోండి.

మరి సొంతంగా వాడే వీలే లేనప్పుడు నేర్చుకుని లాభమేంటి?

మీ పేషెంట్లు తెచ్చిన స్కాన్ రిపోర్టులు ఒకసారి తిరగేయండి. మనం "కుడి భుజం స్కాన్" అని రెండు ముక్కలు రాసి పంపుతాం. "సుప్రాస్పైనేటస్ టెండినోసిస్, బర్సాలో కొద్దిగా నీరు" అని వస్తుంది. అంటే భుజం పైనుండే కండరం తాలూకు టెండన్ (కండరాన్ని ఎముకకి కట్టే తాడు) దెబ్బతింది, దాని పక్కనున్న తిత్తిలో కొద్దిగా నీరు ఉంది అని. చెయ్యి ఎంత ఎత్తాక టెండన్ ఎముకకి తగులుతోంది, దించేటప్పుడు టెండన్ సాఫీగా జారుతోందా లేదా, ఆ ఊసే ఉండదు. ఎందుకుంటుంది? మనం అడగలేదు. రేడియాలజిస్టుగారు అడిగినదానికి జవాబిచ్చారు. అంతే.

స్కానింగ్‌కున్న అసలు బలం, కదులుతున్న కండరాన్ని కదులుతున్నట్టే చూపించడం. ఎమ్మారైలో మనిషి కదిలితే బొమ్మే పాడవుతుంది. కదలిక గురించి నాలుగేళ్ళు చదువుకున్నది మనం. కాబట్టి ఆ గదిలో మన అవసరం ఉంది. ప్రోబ్ డాక్టరుగారి చేతిలో ఉంటుంది, పేషెంటుకి చెప్పే మాట మన నోట్లో ఉంటుంది. ఏ ప్రశ్నతో పంపాలి, ఏ కదలిక చేయించాలి, తెరమీద ఏం చూడాలి, చూసింది రేపటి వ్యాయామాన్ని ఎలా మార్చాలి, ఈ శిక్షణలో నేర్పేది ఇవే.

రేడియాలజిస్టులు ఒప్పుకుంటారా?

కొందరు ఒప్పుకోరు. ఒప్పుకునేవాళ్ళు కూడా మొదటిరోజే కుర్చీ వేసి కూర్చోబెట్టరు. ఉదయం పూట ఏ సెంటర్‌లో చూసినా గర్భిణుల క్యూ ఉంటుంది, అప్పుడు వెళ్ళకండి. మధ్యాహ్నం తర్వాత, ముందే ఫోన్ చేసి, ఒక్క పేషెంటుతో, ఒక్క ప్రశ్నతో వెళ్ళండి. "సార్, ఈయన చెయ్యి పక్కకి ఎత్తేటప్పుడు ఒక్కసారి చూస్తారా, నేను ఎత్తిస్తాను" అంటే రెండు నిమిషాల పని. పేషెంటు ముందు రిపోర్టు మీద వాదన పెట్టుకోవద్దు. రోగనిర్ధారణ ఆయనది, రిపోర్టు మీద సంతకం ఆయనది. ఒకటి రెండు కేసుల్లో మీ ప్రశ్న వల్ల ఆయనకి కూడా కొత్త విషయం తెలిస్తే, తర్వాత ఆయనే కబురు చేస్తారు.

ఫిజియోలు స్కానింగ్ చూడటం ఎక్కడ మొదలైంది?

కండరాన్ని అల్ట్రాసౌండ్‌తో కొలవడం 1968లోనే జపాన్‌లో ఇకాయి, ఫుకునాగా చేశారు. 1980 ప్రాంతంలో ఇంగ్లండ్‌లో తొడ కండరం ఎంత కరిగిపోయిందో కొలవడానికి వాడారు. మన వృత్తిలో దీనికి ఊపు తెచ్చింది ఆస్ట్రేలియాలో క్వీన్స్‌లాండ్ విశ్వవిద్యాలయానికి చెందిన జూలీ హైడ్స్ బృందం. వాళ్ళ పని గురించి కింద నడుం నొప్పి దగ్గర చెప్తాం. 2006లో అమెరికాలోని శాన్ ఆంటోనియోలో జరిగిన సదస్సులో ఫిజియోలు దీన్ని ఎంతవరకు వాడాలో ఒక హద్దు గీసుకున్నారు. కండరం ఆకారం, పనితీరు చూడటం, వ్యాయామం నేర్పేటప్పుడు పేషెంటుకి చూపించడం మన పని, జబ్బుకి పేరు పెట్టడం వేరే పని అని. బ్రిటన్, ఆస్ట్రేలియాల్లో ఫిజియోలు ఇవాళ ప్రోబ్ స్వయంగా పట్టుకుంటున్నారు. వాళ్ళ వీడియోలు చూసి మనమూ అలాగే చేసేయొచ్చు అనుకోవద్దు. అక్కడ మనకున్న లాంటి చట్టం లేదు.

శిక్షణలో ప్రోబ్ పట్టుకోనిస్తారా?

పట్టుకోనిస్తాం, హద్దుల్లో. రిజిస్టరైన సెంటర్‌లో, అక్కడి డాక్టరుగారు పక్కనే ఉండగా, ముందుగా జిల్లా వైద్య ఆరోగ్య శాఖ కార్యాలయానికి రాతపూర్వకంగా తెలియజేసి చేస్తాం. మోడల్స్ మన మగ ఫిజియోలే. చూసేవి భుజం, మణికట్టు, మోకాలు, మడమ, వీపు. గర్భిణి ఎవరూ, ఏ కారణంతోనూ, శిక్షణ గదిలోకి రారు. ఇది మేం పెట్టుకున్న పద్ధతి. దీన్నే చట్టం ఇచ్చిన అనుమతి అనుకుని మీ ఊళ్ళో మొదలుపెట్టేయకండి. మీ జిల్లా కార్యాలయంలో అడిగి, వాళ్ళు చెప్పింది కాగితం మీద తీసుకోండి.

అన్నిటికన్నా ముందు ఏం నేర్పుతారు?

బటన్లు. లోతు ఎంత పెట్టాలి, గెయిన్ (బొమ్మ వెలుగు) ఎంత పెంచాలి, ఫోకస్ ఎక్కడ ఉండాలి. ఫ్రీక్వెన్సీ పెరిగితే బొమ్మ స్పష్టంగా వస్తుంది, లోతుకి మాత్రం పోదు. అందుకే మణికట్టుకీ భుజానికీ 5 నుంచి 15 మెగాహెర్ట్జ్ మధ్య పనిచేసే తిన్నటి ప్రోబ్, నడుముకీ పొట్టకీ 2 నుంచి 5 మధ్య పనిచేసే వంపు ప్రోబ్. ప్రోబ్ పక్కనున్న గుర్తు తెరమీద ఏ వైపో ప్రతిసారీ సరిచూసుకోవాలి. ఇది చెప్పినంత తేలిగ్గా అలవాటు కాదు.

ఆ తర్వాత మేకకాలు. మాంసం కొట్టులో పాయా కోసం అమ్మే కాళ్ళలో ఒకటి తెచ్చి, వెనకవైపు పొడుగాటి టెండన్ బయటికి తీసి, నీళ్ళ టబ్బులో వేస్తాం. ప్రోబ్ నిటారుగా పెడితే టెండన్ తెల్లగా, చీర అంచులో జరీ పోగుల్లా వరసగా మెరుస్తుంది. ప్రోబ్‌ని ఓ పది డిగ్రీలు వాల్చగానే అదే టెండన్ నల్లబడిపోతుంది. చిరిగిందేమీ లేదు, ఎవరూ ముట్టుకోలేదు. ధ్వని పక్కకి తగిలి వెనక్కి రాలేదు, అంతే. దీన్ని అనైసోట్రపీ అంటారు. భుజం దగ్గర టెండన్ ఎముక మీదకి వంపు తిరిగేచోట ఇదే జరుగుతుంది. కొత్తగా చూసేవాళ్ళు దాన్ని చిరుగు అనుకుంటారు. టబ్బులో ఒకసారి కళ్ళారా చూసినవాళ్ళు, తెరమీద నలుపు కనిపించగానే చిరుగు అనేయరు. "ప్రోబ్ కాస్త వాల్చి చూద్దామా సార్" అని అడుగుతారు.

చైనా గ్రాస్ ఉడికించి, అందులో కాస్త ఇసబ్‌గోల్ కలిపి, పచ్చి బఠాణీలు వేసి గట్టిపడనిస్తే మంచి అభ్యాస దిమ్మ తయారవుతుంది. ఇసబ్‌గోల్ వల్ల బొమ్మలో కండరంలాంటి నూగు వస్తుంది. బఠాణీ ఎంత లోతులో ఉందో కొలిచి, తర్వాత కోసి స్కేలుతో సరిచూసుకోవచ్చు. కోసాక ఫ్రిజ్‌లో పెట్టొద్దు, పిల్లలు జెల్లీ అనుకుంటారు.

నడుం నొప్పికి స్కానింగ్‌లో ఏం కనిపిస్తుంది? డిస్క్ కనిపిస్తుందా?

డిస్క్ కనిపించదు. ఎముక అడ్డం కాబట్టి వెన్నులోపల నరం నొక్కుకుందా లేదా అన్నది దీంతో తేలదు. కాలు తిమ్మిరెక్కి, బలం తగ్గి, మూత్రం మీద పట్టు తప్పిన పేషెంటుని స్కానింగ్ సెంటర్‌కి పంపి కాలయాపన చేయకండి. ఆయన వెంటనే పెద్దాసుపత్రికి వెళ్ళాలి.

కనిపించేది కండరం. వెన్నుపూసలకి అటూ ఇటూ ఆనుకుని ఉండే మల్టిఫిడస్. 1994లో హైడ్స్ బృందం మొదటిసారి నడుం నొప్పి వచ్చినవాళ్ళను స్కాన్ చేసి చూస్తే, నొప్పి ఉన్న వైపు మల్టిఫిడస్ రెండో వైపు కన్నా చిన్నగా ఉంది. రెండు వైపుల మధ్య తేడా సుమారు 31 శాతం. నొప్పి లేనివాళ్ళలో అది 3 శాతం దగ్గరే. 1996లో ఇంకో మాట చెప్పారు: నొప్పి తగ్గినా, పనుల్లోకి వెళ్ళిపోయినా, కండరం దానంతటదే తిరిగి రాలేదు. 2001లో ప్రచురించిన ఫలితాల్లో ప్రత్యేక వ్యాయామం చేసినవాళ్ళలో ఏడాదిలోపు నొప్పి తిరగబెట్టింది 30 శాతం మందికి, చేయనివాళ్ళలో 84 శాతం మందికి. వినగానే చప్పట్లు కొట్టాలనిపించే అంకెలే. కానీ అది 39 మందితో చేసిన చిన్న అధ్యయనం. తర్వాత వచ్చిన పరిశోధనలన్నీ కలిపి చూస్తే, ఈ తరహా వ్యాయామం మిగతా వ్యాయామాల కన్నా బాగా మేలని తేలలేదు. కాబట్టి "నీ మల్టిఫిడస్ పోయిందమ్మా" అని పేషెంటుని బెదరగొట్టే హక్కు మనకి లేదు.

ఇక ఇది మన దగ్గర ఎలా పనికొస్తుందో చూడండి. దాళ్వా ఊడ్పులు అయ్యాక జనవరిలో వచ్చే ఆడవాళ్ళు మీ అందరికీ తెలుసు. రోజంతా మోకాలిలోతు బురదలో నడుం వంచి నాట్లేసిన మనిషి. "లెగిసి నిలబడ్డానికే ఓ గడియ పడతందండీ" అంటుంది. ఆవిడని బోర్లా పడుకోబెట్టి, నడుం వంపు పోయేలా పొట్టకింద దిండు పెడతాం. వంపు ప్రోబ్‌ని వెన్నుకి పక్కగా నిలువుగా పెడితే కీళ్ళ మొనలు వరసగా గుట్టల్లా కనిపిస్తాయి. వాటిపైన చారలు చారలుగా మల్టిఫిడస్, ఆ పైన తెల్లటి పొర. నాలుగు, ఐదు నడుం పూసల మధ్య కీలు మొన నుంచి ఆ పొర వరకు మందం కొలవమని డాక్టరుగారిని అడుగుతాం. ఇప్పుడు మన వంతు. చేతిలో అరలీటరు నీళ్ళ సీసా పెట్టి, "ఎడం చెయ్యి మంచం మీంచి కొంచెం ఎత్తమ్మా, ఊపిరి బిగబట్టకు" అంటాం. చూసేది కుడివైపు మల్టిఫిడస్. చెయ్యి ఎత్తేటప్పుడు వెన్నుని నిలబెట్టడానికి అది తనంతట తానే బిగుసుకుని లావెక్కాలి. ఓ వైపు చక్కగా ఉబ్బి, రెండోవైపు ఉలుకూ పలుకూ లేకుండా ఉంటే, వ్యాయామం ఎక్కడ మొదలుపెట్టాలో తెలిసిపోతుంది. నొప్పి తగ్గాక మళ్ళీ అదే చోట, అదే సీసాతో చూడాలి. మందం అంకె కన్నా, రెండు బొమ్మల మధ్య మార్పు మనకి ముఖ్యం.

"నరం మీద నరం ఎక్కిందండీ" అని వచ్చిన ప్రతివాళ్ళకీ ఇది రాయమని మాత్రం చెప్పట్లేదు. నాలుగు వారాలు సరైన వ్యాయామం చేసినా కదలని కేసుకి రాయండి. స్కాన్ ఖర్చు ఆవిడకి ఓ రోజు కూలి కన్నా ఎక్కువే.

భుజం నొప్పి కేసుల్లో?

కోనసీమలో కొబ్బరి దింపు తీసేవాళ్ళు, గునపం మీద కాయ గుచ్చి ఒలిచేవాళ్ళు, చెరువు పట్టుబడికి వల లాగేవాళ్ళు, మేత సంచులు మోసేవాళ్ళు, అందరిదీ ఒకే మాట: "జబ్బ లెగట్లేదండీ". వీళ్ళకి స్కాన్ చేయిస్తే దాదాపు ప్రతివాళ్ళకీ ఏదో ఒకటి కనిపిస్తుంది. చిక్కంతా అక్కడే ఉంది. 2011లో అమెరికాలో వచ్చిన ఒక అధ్యయనంలో, భుజం నొప్పే లేని 40 నుంచి 70 ఏళ్ళ మగవాళ్ళు 51 మందిని స్కాన్ చేస్తే, 96 శాతం మందిలో ఏదో ఒక తేడా ఉంది. తెరమీద కనిపించిందంతా నొప్పికి కారణం కాదని మా దగ్గర నేర్చుకునేవాళ్ళు మొదటివారంలోనే వంటబట్టించుకోవాలి. రిపోర్టులో "చిన్న చిరుగు" అని చూసి భయపడి చెట్టెక్కడం మానేసిన దింపు కార్మికుడికి పూట గడవదు. అతని చెయ్యి ఎత్తించి, నొప్పి వచ్చేచోటే టెండన్ ఎముకకి తగులుతోందా, రెండో భుజంలో కూడా అదే చిరుగు ఉందా అన్నది చూడమని అడగండి. రెండో భుజం చూడమని అడగడం చాలామంది మరచిపోతారు.

మణికట్టు, బొటనవేలు?

నర్సాపురం చుట్టుపక్కల లేసు అల్లే ఆడవాళ్ళలో ఇవి ఎక్కువ చూస్తాం. ఆ లేసుకి 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అల్లేవాళ్ళ బొటనవేలికి మాత్రం నొప్పే మిగిలింది. మణికట్టు మొదట్లో మీడియన్ నరం అడ్డకోత సుమారు 10 చదరపు మిల్లీమీటర్లు దాటితే కార్పల్ టన్నెల్ (మణికట్టులో ఆ నరం నొక్కుకుపోవడం) అనుమానించాలి. వేళ్ళు ముడిచి తెరిచేటప్పుడు నరం పక్కకి జారుతోందా, ఒకేచోట ఇరుక్కుందా అన్నది కూడా చూడమనండి. బొటనవేలి మొదట్లో నొప్పి అయితే, అక్కడ ఒకే గూట్లోంచి వెళ్ళే రెండు టెండన్ల చుట్టూ తొడుగు దళసరిగా ఉందేమో చూస్తారు. ఆ గూటి మధ్యలో గోడలాంటి పొర ఉంటే ఇంజెక్షన్ వేసే డాక్టరుకి ఆ మాట చాలా అవసరం, తప్పకుండా రాయమనండి.

ఆసుపత్రిలో ఐసీయూ డ్యూటీ చేస్తున్నాను. నాకు పనికొస్తుందా?

అందరికన్నా ఎక్కువగా మీకే. ఛాతీ ఫిజియో చేసేముందు ఊపిరితిత్తి ఏ స్థితిలో ఉందో తెలిస్తే సగం శ్రమ తగ్గుతుంది. పక్కటెముకల మధ్య ప్రోబ్ పెట్టినప్పుడు అడ్డగీతలు వరసగా కనిపిస్తే అక్కడ గాలి ఉన్నట్టు. పై పొరనుంచి కిందిదాకా టార్చిలైటు వేసినట్టు నిలువు చారలు ఒకే సందులో మూడు లేదా అంతకన్నా ఎక్కువ ఉంటే ఊపిరితిత్తిలో నీరు, వాపు ఉన్నట్టు. ఊపిరితిత్తి కాలేయంలా గట్టిగా కనిపిస్తే గాలి లేక గడ్డకట్టినట్టు. డయాఫ్రం (ఊపిరితిత్తుల కింద ఉండే ఊపిరి కండరం) పైన నల్లగా ఉంటే ఊపిరితిత్తి చుట్టూ ఉండే పొరల మధ్య నీరు చేరినట్టు. నీరు చేరినచోట ఎంత తట్టినా, ఎటు తిప్పి పడుకోబెట్టినా ఉపయోగం లేదు, డాక్టరుగారు నీరు తీయాలి. కఫం అడ్డుపడి ఊపిరితిత్తి ముడుచుకుపోయిన చోటే మన చెయ్యి పనిచేసేది. ఎక్స్‌రేలో ఈ రెండూ ఒకేలా తెల్లగా కనిపించవచ్చు.

వెంటిలేటర్ తీసేముందు డయాఫ్రం చూస్తారు. ఊపిరి వదిలినప్పటి మందం నుంచి పీల్చినప్పటి మందం ఎంత శాతం పెరిగిందన్నది లెక్క. 20 శాతం కన్నా తక్కువ ఉంటే కండరం బలహీనంగా ఉన్నట్టు అనుకుంటారు. ఐసీయూలో ప్రోబ్ పట్టే డాక్టరు ఎలాగూ ఉంటారు. రోజూ రౌండ్స్‌లో పక్కన నిలబడి తెర చూడటం మొదలుపెట్టండి.

ప్రసవమైన తల్లులకి?

పొట్ట కండరాలు మధ్యలో విడిపోయిన చోట దూరం కొలవడానికి, మూత్రం ఆపుకోలేనివాళ్ళకి కటి కండరాలు బిగించడం సరిగా వచ్చిందో లేదో చూపించడానికి స్కానింగ్ చాలా మంచి సాధనం. మూత్రాశయం నిండుగా ఉన్నప్పుడు పొట్టమీదనుంచి చూస్తే, కండరం బిగించగానే మూత్రాశయం అడుగు పైకి లేవాలి. చాలామంది బిగిస్తున్నామనుకుని కిందికి ముక్కుతుంటారు, అడుగు దిగిపోతుంది. మాటల్లో నెలరోజులు చెప్పినా అర్థంకానిది తెరమీద ఒక్కసారికి అర్థమవుతుంది. అయినా ఈ భాగాన్ని మేం బొమ్మలతో, వీడియోలతోనే నేర్పుతాం. నిజమైన పేషెంటుకి చేయాల్సివస్తే గైనకాలజిస్టు గదిలో, ఆవిడ చేతులతోనే.

పేషెంటుకి తెర చూపించొచ్చా?

చూపించాలి. డాక్టరుగారు సరేనంటే. తన కండరం కదలడం తాను చూసిన మనిషి వ్యాయామం శ్రద్ధగా చేస్తాడు. అయితే నోరు అదుపులో పెట్టుకోవాలి. "అరిగిపోయింది", "చిరిగింది", "నలిగింది" లాంటి మాటలు ఆ గదిలో అనొద్దు. "ఇదిగో పిన్నిగారూ, ఇది మీ కండరం, బిగిస్తే లావెక్కాలి, ఇంకోసారి చేయండి" చాలు. పెళ్ళయిన ఆడవాళ్ళని స్కాన్‌కి పంపేముందు ఇంట్లోవాళ్ళకి కూడా ఒకమాట చెప్పండి. "స్కానింగా? ఏమైనా విశేషమా?" అని అత్తగారు అడగడం, ఆ అమ్మాయి సిగ్గుతోనో టెన్షన్‌తోనో రాకుండా మానేయడం మామూలే.

అనుకోనిది ఏదైనా కనిపిస్తే?

పిక్కలో రక్తం గడ్డ, కండరంలో తెలియని గడ్డ లాంటివి కనిపించొచ్చు. మీరు పేరు పెట్టొద్దు, ముఖంలో ఆందోళన చూపించొద్దు. ప్రోబ్ పట్టిన డాక్టరే చూస్తారు, రాస్తారు, ఎక్కడికి పంపాలో చెప్తారు. మన పని, ఆ పేషెంటు నిజంగా అక్కడికి వెళ్ళాడా లేదా అని రెండురోజుల్లో ఫోన్ చేసి కనుక్కోవడం. పిక్క వాచి నొప్పిగా ఉన్న పేషెంటుకి రక్తం గడ్డ లేదని తేలేదాకా మసాజ్ చేయొద్దు. ఇది స్కానింగ్ శిక్షణ లేకపోయినా తెలిసుండాల్సిందే.

ఎంతకాలం పడుతుంది? సర్టిఫికెట్ ఇస్తారా?

తెర చూసి కండరాలు గుర్తుపట్టడం త్వరగానే వస్తుంది. ఏ ప్రశ్న అడగాలో తెలియడానికి చాలా కేసులు చూడాలి. అందుకే వారాంతపు తరగతి అయిపోయాక లాగ్‌బుక్ ఇస్తాం. ప్రతి కేసుకీ స్కాన్‌కి ముందు మీరనుకున్నది, అడిగిన ప్రశ్న, కనిపించింది, దానివల్ల చికిత్సలో మార్చింది రాయాలి. నాలుగో గడి ఖాళీగా ఉంటే ఆ స్కాన్ అవసరం లేకపోయిందని అర్థం. ఆ గడి ఖాళీలు తగ్గుతూ వస్తున్నాయా అన్నదే మేం చూసే పరీక్ష.

హాజరైనట్టు కాగితం ఇస్తాం. దాన్ని ఫ్రేము కట్టించి గోడకి తగిలించుకోండి, ఫర్వాలేదు. స్కాన్ చేసే అర్హత మాత్రం దానివల్ల రాదు. "ఇచ్చట స్కానింగ్ చేయబడును" అని బోర్డు పెట్టినవాళ్ళ పేరు మా జాబితాలోంచి తీసేస్తాం.

మన కేసు షీట్‌లో ఏం రాయాలి?

తేదీ, సెంటర్, ప్రోబ్ పట్టిన డాక్టరు పేరు, మీరు చేయించిన కదలిక, పేషెంటు పడుకున్న తీరు, కొలత ఉంటే అది, రిపోర్టు కాపీ. "నా స్కాన్‌లో" అని ఎక్కడా రాయకండి.

మొదటిరోజుకి ఏం తెచ్చుకోవాలి?

చేతులు లేని బనీను, నిక్కరు, తువాలు. మోడల్ కుర్చీలో మగవాళ్ళందరూ కూర్చోవాలి, జెల్ అంతా అంటుకుంటుంది. గోళ్ళు కత్తిరించుకుని రండి. ఉంగరాలు ఇంట్లో పెట్టండి, ప్రోబ్ ముఖం మీద గీత పడితే బాగుచేయించడం చాలా ఖర్చు. ప్రోబ్ తుడవడానికి ఏది వాడాలో ఆ కంపెనీ పుస్తకంలో చూసి చెప్తాం, స్పిరిట్ సీసా తేవద్దు. మీ దగ్గర ఎన్నాళ్ళయినా తగ్గని ఒక కేసు వివరాలు, పేషెంటు పేరు లేకుండా, అర పేజీలో రాసి తీసుకురండి. కింద ఒకే ఒక్క వాక్యంలో రేడియాలజిస్టుగారిని ఏం అడుగుతారో రాయండి. మొదటి గంటంతా ఆ వాక్యాలను చదివి, దిద్దడంతోనే సరిపోతుంది. సఖినేటిపల్లి వైపు నుంచి పంటు మీద వచ్చేవాళ్ళు గోదారి పోటు మీదుంటే ఆలస్యమవుతుందని ముందే ఫోన్ చేయండి, ఆగుతాం.